బువ్వపు బంతిలో పలుకుల యంత్రము

వైశాఖమాస మధ్యాహ్నవేళ ప్రచండమార్తాండ కిరణములు కొబ్బరాకుల పందిటి సందులగుండ జొరబడి అరటియాకులపై వేయించిన యప్పడములవలె గుండ్రగుండ్రముగా బడుచుండగా, పనసపొట్టుకూర ఘుమఘుమయు గాచిన నేతి కమ్మదనమును గలసి గోదావరీతీర సమీరణమునకే యాకలి పుట్టించుచుండగా, ముంగండవరమున పెండ్లివారింట బువ్వపు బంతి తీరెను. వధూవరులతో నుభయపక్షముల వియ్యాలవారును సరసన గూర్చుండి భుజించునట్టి యా విందున పాట లేనిదే ముద్ద దిగదు. మగపెండ్లివారి యాడువారు ముందుగా నెదుటి వియ్యపురాలిని వేళాకోళము చేయుచు పాట యెత్తుదురు. నేయి వడ్డించువాడు బంతి మొదలినుండి తుదకు జేరులోపల నాడపెండ్లివారు మారుపాట పాడవలయును. పాడిన పాట మరల పాడరాదు. పాడలేనివారు తమ తాంబూలపు పళ్ళెమును నలుగురి యెదుట నవతలివారి కప్పగింపవలయును.

నలువదేండ్లుగా ఆడపెండ్లివారి యింటి పళ్ళెము గడప దాటలేదు. అందులకు గారణము పెండ్లికూతురి మామ్మ బుచ్చాయమ్మ కంఠము. అట్టి కంఠమున కీ యేడు వ్యాధి సోకి గుసగుసకు మించి పలుకు వెడలదయ్యెను. అంతట నామె, పెండ్లికూతురి చెల్లెలును పదియవ తరగతి ముగించినదియు నలుగురిలో దన పేరు చెప్పుకొనుటకే చెమటలు పట్టునదియు నగు మంజీరను బిలిచి చెవిలో నిట్లనెను.

"ఈ బంతి నీదేనే. పళ్ళెం పోతే పోయింది, పాట మాత్రం పోనివ్వకు."

మంజీర మనుష్యుల యెదుట మూగ. చేతిలోని ఫోను నెదుట మాత్రము ప్రవాహము. మానవభాషల నెల్ల నభ్యసించి అడిగినదానికెల్ల బదులు చెప్పు సంభాషణయంత్ర మొకటి యందుండెను. పెండ్లికి మూడుదినముల ముందు దాని నామె వియ్యపురాలి పాట యొకటి యడుగగా రెప్పపాటులో పండ్రెండు పంక్తులు బయలుదేరెను! వెన్నెలయు వెన్నయు మల్లెలును ప్రాసలు గలసి వరుసగా నడచివచ్చుట జూచి యామె గుండె గంతులు వేసెను. ఆ రాత్రియే కాదు మరునాడును పశువులశాలలో గేదెల యెదుట నిలుచుండి దానిని బాడి బాడి కంఠస్థము చేసెను. గేదె లెన్నడును వెక్కిరింపవు గదా!

నేడు పెండ్లికొడుకు చెల్లెలు ప్రసూన లేచి గొంతు సవరించుకొనెను.

"వెన్నెల్లో పూసిన వియ్యపురాలా
వెన్నంటి మనసున్న వియ్యపురాలా!"

మంజీర చేతిలోని ముద్ద జారి యాకుపై బడెను. అది తన పాట! రెండవ చరణము వచ్చెను, అదియు దనదే. మల్లెలును వచ్చెను. ప్రసూన పైటచెంగు మాటున మినుకుమినుకుమను ఫోనును జూడగనే సర్వమును దెల్లమయ్యెను. గోదావరి కీవలి యొడ్డున నొకతెయు నావలి యొడ్డున నొకతెయు నొక్క యంత్రమునే యొక్క కోరిక కోరగా నది పక్షపాత మెరుగక యిరువురకు నొక్క వెన్నెలనే పంచిపెట్టెను.

"ఏం ఆడపెళ్ళివారూ! గారెలు గొంతుకడ్డం పడ్డాయా?" అని ప్రసూన కవ్వించెను. చప్పట్లు మ్రోగెను. నేతిగిన్నెతో సూరయ్య కదలెను.

"ఒరేయ్ సూరయ్యా, పోసినచోటే ఇంకో గరిటె పొయ్యరా! మగపెళ్ళివారు బక్కగా ఉన్నారు," అని మంజీర పినతల్లి వాని నాపజూచెను.

ఒక యాకు. రెండు. పది. మరల యంత్రము నడిగిన మరియొక వెన్నెల వచ్చును గాని యేమి ఫలము? దిక్కు తోచక మంజీర తలయెత్తి పెండ్లికొడుకు తల్లి రత్నమాణిక్యమ్మ వంక జూచెను. ఆ యమ్మ యుదయమునుండి "నాకు షుగరు, తీపి నా కళ్ళకే చూపించకండి" అని యింటిల్లిపాదికి జెప్పుచుండెను. ఇప్పుడో, యామె యాకంచు తనంత దానే పైకి లేచినట్లుండెను. దాని క్రిందినుండి పూతరేకు మడత తొంగిచూచుచుండెను. నాసికాగ్రమున తెల్లని పొడి తళుక్కుమనెను.

మంజీర లేచెను. తాను లేచినట్లు తనకే తెలియదు.

"తీపి వద్దు వద్దన్న వియ్యపురాలా
ఆకు కింద పూతరేకు దాచినావేలా?
చక్కెరున్నదని డాక్టరు చెప్పినాడంట
ముక్కు మీద పంచదార మొలిచినాదంట!"

రత్నమాణిక్యమ్మ హస్తము మెల్లగా ముక్కు మీదికి బోయెను. అంతే! పందిరి కూలినట్లు నవ్వులు. పెండ్లికొడుకు పొలమారి దగ్గెను. నేయి పోయవలసిన సూరయ్య గిన్నె క్రింద బెట్టి కడుపు పట్టుకొనెను.

"ఓసి పిల్లా! పొద్దుట్నించీ నోట్లో నాలిక లేనట్టు కూచుని నా ముక్కే చూస్తున్నావుటే!" అని నవ్వుకన్నీళ్ళు తుడుచుకొనుచు రత్నమాణిక్యమ్మ కూతురివంక దిరిగెను. "ప్రసూనా, అందుకోవే!"

ప్రసూన తొందరతొందరగా ఫోనుపై వ్రేళ్ళాడించెను. "ఉండమ్మా, అది ఆలోచిస్తోంది."

"ఏమంటోందే?"

ప్రసూన ముఖము కందగడ్డయయ్యెను. "మన వియ్యపురాలు ఎలాంటావిడో కాస్త చెప్పమంటోంది."

పందిరి మరియొకమారు కూలెను. రత్నమాణిక్యమ్మ తానే లేచివచ్చి తమ పళ్ళెమును బుచ్చాయమ్మ యొడిలో నుంచెను. బుచ్చాయమ్మ దానివంక జూడనైనను జూడక మనుమరాలి మెడ వంచి చెవిలో "ఆఖర్న తాళం తప్పావే, దొంగా," అని గుసగుసలాడి ముద్దు పెట్టుకొనెను.

నీరెండవేళ నరుగుపై మంజీరయు బ్రసూనయు తలలు కలిపి యొక్క ఫోనుపై వంగియుండిరి. లోకములోని పాటలెన్నో యెరిగియు నీ యొక్క ముక్కు నెరుగని యా యంత్రమునకు జరిగిన కథ నంతయు నొకరి మాట కొకరు అడ్డము వచ్చుచు జెప్పుచుండిరి. అది యబ్బురపడి ప్రశ్న వెనుక ప్రశ్న వేయుచుండెను. నిన్నటివరకు గేదెలకు మాత్రమే తెలిసిన కంఠము వీథి చివరవరకు వినవచ్చుచుండెను.

"ఒసేయ్, నా ముక్కు సంగతి దానికి చెప్పకండే! ఊరంతా తెలిసిపోతుంది," అని లోపలినుండి రత్నమాణిక్యమ్మ కేక వేసెను.

ఆ కేకను సయిత మా బాలిక లిరువురు నప్పుడే పాటలో జేర్చుచుండిరి.