కలర్ హనుమండ్లు

మా ఇంట్లో మనుషులకంటే టీవీలు ఎక్కువ. కరీంనగర్‌లో నా లేడీస్ టైలరింగ్ దుకాణం వెనక రెండు గదులున్నాయి. ఒక దాంట్లో మేముంటాం, రెండో దాంట్లో టీవీలుంటాయి. చెక్క తలుపులున్నవి, కాళ్లున్నవి, బటన్ తిప్పితే టకటకమని చానళ్లు మారేవి. అక్కడ చోటు చాలక ఈమధ్య మంచం కిందికీ వచ్చాయి. మా ఆయన ఇర్షాద్ ఆటో ట్రాలీ నడుపుతాడు. ఊరందరి సామానూ ఇళ్లలోంచి బయటికి మోస్తుంటే, పెళ్లాం సామాను మాత్రం బయటినుంచి ఇంట్లోకి మోయాల్సి వస్తోందని ఆయన ఏడుపు.

మా అబ్బా మునీర్ టీవీ మెకానిక్. ఆయన బల్ల పక్కన కూర్చునే నేను సోల్డరింగ్ నేర్చుకున్నాను. ఆయన పోయాక, బాగు చేయమని ఇచ్చి మళ్లీ రానివాళ్ల టీవీలు ఆయన దుకాణంలో మిగిలిపోయాయి. అందరూ పారేయమన్నారు. ఆ మాటంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇంటిల్లిపాదీ రోజూ సాయంత్రం ఎదురుగా కూర్చుని నవ్విన, ఏడ్చిన వస్తువును చెత్తబండిలో వేయడానికి చేతులెలా వస్తాయో నాకు అర్థం కాదు. అలా మొదలైంది ఈ పిచ్చి. మొదలయ్యాక ఆగడం నా చేతిలో లేదు.

ఒకరోజు జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన నవనీత మాటల్లో మాటగా అంది. "మా ఊర్ల హనుమండ్లు తాత ఇంట్ల సౌదీ టీవీ ఉన్నదక్కా. ఎన్కట తెచ్చిండట. గిప్పుడు దాని మీద బియ్యం సంచులు పెడుతున్నరు."

బియ్యం సంచులు అనగానే నా ప్రాణం గిలగిలలాడింది. ఆ ఆదివారమే ఇర్షాద్‌ను నిద్రలేపి ట్రాలీ తీయించాను. హుస్నాబాద్ దాటి, పత్తి చేన్ల మధ్యనుంచి పోతే వస్తుంది వాళ్ల ఊరు. దారి పొడవునా ఆయన సణుగుతూనే ఉన్నాడు. నేను విననట్టే కూర్చున్నాను.

ఊరి మొదట్లో చాయ్ హోటల్ దగ్గర ఆపి హనుమండ్లు ఇల్లెక్కడని అడిగాను.

"ఏ హనుమండ్లు? మా ఊర్ల శానమంది ఉన్నరు" అన్నాడు చాయ్ పోస్తున్నాయన.

"పెద్దమనిషి. సౌదీ పోయొచ్చిండట."

"ఓ, కలర్ హనుమండ్లా!"

బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా నవ్వారు. ఎందుకు నవ్వారో నాకు తట్టలేదు. మా గల్లీలో ఇళ్లకు రంగులేసే ఆయన్ని అందరూ కలర్ భాయ్ అనే పిలుస్తారు, ఆయనా పలుకుతాడు. ఈయన కూడా గోడలకు రంగులేసే మనిషే అయ్యుంటాడని అనుకున్నాను.

వాళ్లు చూపించిన ఇంటికి పోతే, అరుగు మీద ఒక ముసలాయన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. బక్కపలచని మనిషి, తెల్లటి బనీను. నేను ట్రాలీ దిగి, నా అంత మర్యాదస్తురాలు లేనట్టు నవ్వుతూ గట్టిగా అడిగాను.

"కలర్ హనుమండ్లు బాపు ఇల్లు గిదేనా?"

ఆయన చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది. నన్ను చూశాడు, వెనక ఖాళీ ట్రాలీని చూశాడు.

"ఆ పేరు ఎవ్వలు చెప్పిన్రు నీకు?"

"హోటల్ కాడ..."

"గాళ్లనే అడుక్కోపో" అని లేచి లోపలికి పోయాడు. తలుపు మాత్రం వేసుకోలేదు.

ఇర్షాద్ నా వైపు చూశాడు. "మంచిగ మొదలువెట్టినవ్" అన్నాడు.

లోపలినుంచి ఆయన భార్య చెంబుతో నీళ్లు తెచ్చింది. రామవ్వ ఆమె పేరు. "కూసో బిడ్డా. ఆయనకు ఆ పేరు పడదు. నీకేం ఎరుక" అంది. నేను వచ్చిన పని చెప్పాను. ఆమె కొంగు సర్దుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

నలభై ఏళ్ల కింద, హనుమండ్లు సౌదీలో పనిచేసే రోజుల్లో ఒకసారి సెలవు మీద వస్తూ టీవీ తెచ్చాడట. అప్పటికి ఊళ్లో పటేల్ ఇంట్లో తప్ప టీవీ లేదు, అది కూడా నలుపు తెలుపుదే. ఈయనది కలర్ టీవీ. ఆకు ఆకు లెక్క పచ్చగా కనబడుతుందని, పువ్వు పువ్వు లెక్క ఎర్రగా కనబడుతుందని, అక్కడ క్యాంపులో రోజూ చూసేవాణ్ణని ఊరంతా తిరిగి చెప్పాడు. ఇంటి మీద వెదురు బొంగు కట్టి ఏంటెనా లేపాడు. ఆదివారం సాయంత్రం సినిమాకు వాడంతా వచ్చి వాకిట్లో కూర్చుంది.

"బొమ్మ వచ్చింది బిడ్డా. నలుపు తెలుపే వచ్చింది. ఆయన అన్ని బటన్లు తిప్పిండు. ఏంటెనా తిప్పిండు. ఆయన తిప్పంగ చూసి, వచ్చినోళ్లు సుత తిప్పిన్రు. రంగు రాలే. నేనేమో ఆయన తెచ్చిన పారిన్ చీర కట్టుకొని కూసున్న. చిలకపచ్చది. రామవ్వ చీరకున్న కలర్ సుత టీవీకి లేదని ఎవ్వలో అన్నరు. ఇగ నవ్వుడే నవ్వుడు." ఆమె లోపలి గదివైపు చూసింది. "నేను సుత నవ్విన. ఏది మరి కలర్ అని అందరి ముంగట నేనే అడిగిన."

ఆ రోజునుంచి ఆయన కలర్ హనుమండ్లు అయ్యాడు. పేరుతో పోతే బాగుండేది. ఆయన ఏం చెప్పినా ఆ, కలర్ చెప్తుండు తీ అని కొట్టిపారేసేవాళ్లు. మోటార్ కాలిపోయేటట్టుంది అన్నా అంతే, ఫలానావాడు మోసగాడు అన్నా అంతే. పోనుపోను ఆయన నలుగురిలో మాట్లాడటమే మానేశాడట. పెళ్లికి పోయినా చావుకు పోయినా ఒక మూల కూర్చుని వస్తాడు.

లోపలినుంచి కేక వినబడింది. "గా టీవీ కొరకే వచ్చిన్రా? తీస్కపొమ్మను. పైసలద్దు, ఊకెనే తీస్కపొమ్మను. నా కండ్ల ముంగట ఉండద్దు."

ఇర్షాద్ అప్పటికే చేతులు దులుపుకుని లేచాడు. ఇద్దరం లోపలికి పోయి బియ్యం సంచులు దించాం. దాని మీది పాత దుప్పటి తీశాను. చెక్క రంగు పెట్టె, ముందు వెండి అంచు, పక్కన వరసగా చిన్న చిన్న మీటలు. అద్దం మీద ఒక్క గీత లేదు. అలాంటి సెట్టు నాకు తెలిసిన సేకరణదారుల్లో ఒక్కరి దగ్గర కూడా లేదు. వెనక్కి తిప్పి, రేకు మీది చిన్న అక్షరాలు ఫోను వెలుగులో చదివాను. చదవగానే సంగతంతా తెలిసిపోయింది.

టీవీకి పంపే బొమ్మలో రంగును కలిపే పద్ధతి అన్ని దేశాల్లో ఒకటి కాదు. అప్పట్లో సౌదీది ఒకటి, మనది ఇంకొకటి. రెండూ తెలిసిన టీవీలూ అమ్మేవాళ్లు. ఈయన కొన్నది అక్కడి పద్ధతి ఒక్కటే తెలిసిన సెట్టు. మన బొమ్మను అది చూపించగలదు, అందులోని రంగును మాత్రం చదవలేదు. ఇర్షాద్‌కు మెల్లగా అదే చెప్పాను.

హనుమండ్లు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. "బాపూ, సౌదీల ఉన్నప్పుడు దీంట్ల రంగు కనబడేదా?" అని అడిగాను.

ఆయన ఇటు తిరగకుండానే అన్నాడు.

"కనబడేది. కనబడేదనే అనుకున్న. అందరు కాదు కాదు అనంగ అనంగ, నిజంగ చూసిన్నో, గొప్పకు చెప్పిన్నో నాకే ఎరుక లేకుంట అయింది బిడ్డా. ఒక్కొక్కపారి రాత్రి గదే యాదికొస్తది. నేను అబద్ధమాడిన్నా అని."

ఇర్షాద్ నా చెవి దగ్గరికి వచ్చాడు. "ఊకెనే ఇస్తుండు. జర నోరు మూసుకొని లేపు ఫర్హీన్. రంగు వస్తదని తెలిస్తే ఇస్తడా?"

ఆయన అన్నది నిజం. అబద్ధమెందుకు, నాకూ ఆశ పుట్టింది. ఆ సెట్టు మా గదిలో కిటికీ పక్కన ఎక్కడ పెట్టాలో కూడా అప్పటికే అనుకున్నాను. అయినా, నలభై ఏళ్లుగా తనమీద తనకే నమ్మకం లేకుండా బతికిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే టీవీ ఎత్తుకుని పోవడమెలా? నా మీద నాకే విసుగొచ్చింది. ఆ విసుగులోనే గట్టిగా అనేశాను.

"నువ్వు అబద్ధమాడలే బాపూ. ఇది కలర్ టీవీయే."

ఆయన వెనక్కి తిరిగాడు. నేను చెప్పాను. "ఉర్దూ ఒక్కటే చదువొచ్చినోనికి తెలుగు పేపర్ ఇస్తే ఏమైతది? అక్షరాలు కనబడ్తయి. చదువరాదు. గా పేపర్ల ఏం రాయలేదంటమా? గాయనకు చదువు రాదంటమా? నీ టీవీ సంగతి గంతే. దానికి అక్కడి భాషే ఎరుక."

ఆయన మొహంలో ఏదో కదిలింది కానీ వెంటనే సర్దుకున్నాడు. "మాటలు శాన విన్న. చూపెడ్తవా?"

"వచ్చే ఐతారం వస్తా" అన్నాను. తిరుగు దారిలో ఖాళీ ట్రాలీ గడగడలాడుతుంటే ఇర్షాద్ ఒక్క మాట మాట్లాడలేదు. సణిగినా బాగుండేదనిపించింది.

హైదరాబాద్‌లో ముజాహిద్ అని నాలాంటి పిచ్చివాడే ఒకడున్నాడు. మన బొమ్మను ఏ దేశపు పద్ధతికి కావాలంటే ఆ పద్ధతికి మార్చే డబ్బా ఆయన దగ్గరుంది. బతిమాలి తెప్పించాను. ఆ తర్వాతి ఆదివారం దాన్ని ఒళ్లో పెట్టుకుని పొద్దున్నే దిగాం.

రామవ్వ చిలకపచ్చ చీర కట్టుకుని ఉంది. మడతల దగ్గర కాస్త వెలిసింది కానీ రంగు ఇంకా నిగనిగలాడుతోంది. "పెట్టెలకెల్లి తీసిన" అంది సిగ్గుపడుతూ. నేను ఆమెను వాకిట్లో ఎండబోసిన మిరపకాయల పక్కన నిలబెట్టి ఫోనులో వీడియో తీశాను. తర్వాత టీవీ వెనక రేకు విప్పి కూర్చున్నాను. బ్రష్షుతో దుమ్ము దులిపాను, ఉబ్బిన కెపాసిటర్లు మార్చాను. ఒక్కసారిగా కరెంటిస్తే పాత సెట్టు కాలిపోతుంది, అందుకని మధ్యలో బల్బు పెట్టి మెల్లగా ఇచ్చాను. మా అబ్బా అలాగే చేసేవాడు. వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. ఆ వాసన వస్తే నాకు అబ్బా పక్కన కూర్చున్నట్టే ఉంటుంది.

హనుమండ్లు దగ్గరికి రాలేదు. గడప మీద కూర్చుని బయటికి చూస్తున్నాడు.

ఫోనును డబ్బాకు, డబ్బాను టీవీకి కలిపాను. తెర మీద ముందు చుక్కలు, తర్వాత గీతలు, తర్వాత వాకిలి. వాకిట్లో రామవ్వ.

నలుపు తెలుపు రామవ్వ.

"చూసినవా" అన్నాడు ఆయన మెల్లగా. కోపంగా కూడా కాదు. లేచి చెప్పులు వెతుక్కుంటున్నాడు. నిజంగానే చూశానేమో అని ఆయనకున్న ఒక్క అనుమానాన్నీ చంపేసి, ఈయన అబద్ధాలకోరేనని నేనే తేల్చి చెప్పినట్టయింది. డబ్బా సరిగానే ఉంది. వైర్లు సరిగానే ఉన్నాయి. ఏం తప్పు చేశాను? అప్పుడు రామవ్వ చెప్పిన మాట గుర్తొచ్చింది. ఆ రోజు అందరూ అన్ని బటన్లూ తిప్పారు.

ముందున్న చిన్న మీటల్లో రంగు తగ్గించే, పెంచే మీట ఒకటుంది. అది అట్టడుగున ఉంది. ఆ ఆదివారం సాయంత్రం ఎవరో దించిన మీట, మళ్లీ ఎవరూ ముట్టలేదు.

బిగుసుకుపోయింది. వేలితో అదిమి కొద్దికొద్దిగా పైకి జరిపాను.

ముందు మిరపకాయలు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు కాస్త పక్కకు కూడా కారింది. తర్వాత పసుపు రాసిన గడప. ఆ తర్వాత చీర. చిలకపచ్చ.

"ఓ అవ్వా!" అన్నాడు ఇర్షాద్. నెలల తర్వాత ఆయన నోట టీవీని చూసి వచ్చిన మంచి మాట అదే.

హనుమండ్లు ఒక చెప్పు వేసుకుని, ఒక చెప్పు చేత్తో పట్టుకుని వచ్చి తెర ముందు నిలబడ్డాడు. తెరలో చీరను చూశాడు, పక్కన నిలబడ్డ భార్య చీరను చూశాడు. మళ్లీ తెరను చూశాడు.

"గిట్లనే ఉండె" అన్నాడు. "క్యాంపుల గిట్లనే ఉండె. నేను చూసిన."

రామవ్వ ఆయన చేతిలో చెప్పు తీసి కింద పెట్టింది. ఏడుస్తూనే గడప దాటి వాకిట్లోకి పోయి, పక్కింటి గోడవైపు తిరిగి గొంతెత్తి పిలిచింది. "ఓ సత్తమ్మా! జర రా! మా ఆయన సౌదీకెల్లి కలర్ టీవీ తెచ్చిండు, చూద్దువు రా!"

"ఎవ్వలున్నరని పిలుస్తున్నవే" అన్నాడు ఆయన లోపలినుంచి. "నవ్వినోళ్లు సగం మంది పోయిరి."

"ఉన్నోళ్లనే పిలుస్తున్న" అంది ఆమె, ఇంకా గట్టిగా పిలిచింది.

సౌదీ సెట్టు నాకు దక్కదని అప్పుడే తెలిసిపోయింది. డబ్బా కూడా ఇక్కడే ఉండిపోతుంది. అది లేకపోతే రంగు లేదు కదా. ముజాహిద్‌కు ఏం చెప్పాలో ఆలోచిస్తూ నా సోల్డరింగ్ సామాను సర్దుకుంటున్నాను. ఇర్షాద్ నవ్వుతున్నాడు. బాధగానే ఉంది, నిజం చెప్పాలంటే. కానీ అలాంటి బాధ నాకు రోజుకొకటి వచ్చినా ఫికర్ లేదు.

గోడ అవతలినుంచి సత్తమ్మ గొంతు వినబడింది. "ఏందే గా లొల్లి? ఎవ్వలింట్ల టీవీ?"

రామవ్వ నోరు తెరిచేలోపే హనుమండ్లు వాకిట్లోకి వచ్చాడు. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు. వాడకంతా వినబడేటట్టు ఆయనే కేకేశాడు.

"కలర్ హనుమండ్లు ఇంట్ల!"