ఇల్లు మారారు

వాల్డెమార్ హాస్సెల్ ఆ రోజు పదకొండో కాగితం మీద సంతకం చేస్తుండగా గుమాస్తా గెర్లిండె తలుపు తీసింది.

"సార్, లండన్ నుంచి ఎవరో ఆవిడ. మీ వీడ్కోలు కేకు కోసేదాకా ఆగమన్నాను. పదిహేనేళ్ళు ఆగిందట, ఇక ఆగదట."

మధ్యాహ్నం పన్నెండుతో హాస్సెల్ ఉద్యోగం పూర్తి. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ పురపాలక కార్యాలయంలోనే గడిచాయి. నాజీలు ఓడాక అమెరికా సైన్యం ఉద్యోగంలోంచి తీసేస్తే రెండేళ్ళు కట్టెలు కోశాడు. ఇతను మంచివాడని పాస్టరు చీటీ రాసిచ్చాడు. 'నాజీల గుంపుతో నడిచాడు, అంతే' అని విచారణ సంఘం తేల్చింది. మళ్ళీ అదే కుర్చీ.

వచ్చినావిడ కూర్చోలేదు.

"గుర్తుపట్టారా హాస్సెల్ గారూ? బడివీధి బెర్టా లిలియెన్‌ఫెల్డ్ కూతుర్ని, ఇల్సెని."

గుర్తుపట్టాడు. "చెప్పండమ్మా."

"రేపు కోర్టు. మా అమ్మ చనిపోయిందని ప్రకటించాలంటే, బలవంతంగా తీసుకెళ్ళారని మీ ఆఫీసు రాసివ్వాలట. యూదుల్ని రైలెక్కిస్తుంటే ఊరంతా చూసింది. అడిగితే ఒక్కడికీ గుర్తులేదు."

హాస్సెల్ నివాసుల బీరువాలోంచి కార్డు తీశాడు. '22 ఏప్రిల్ 1942. ఇల్లు మారారు. కొత్త చిరునామా తెలియదు.' గుండ్రటి అక్షరాలు, తనవే. గడి ఖాళీగా వదలడం నియమం కాదు గనక అప్పట్లో అలా నింపాడు.

"మెట్లు దిగలేని మనిషండీ. ఇల్లెలా మారుతుంది?"

"రికార్డులో ఉన్నదే రాసివ్వగలను."

"రికార్డు రాసిందెవరు?"

"ఆఫీసు."

"ఆఫీసుకి చేతులుంటాయా?"

బయట పళ్ళేలు సర్దుతున్న చప్పుడు. ఒక్క వాక్యం రాస్తే చాలు. పెన్షన్ పోదు, జైలూ రాదు. కానీ తలుపవతల కౌన్సిలర్లు పూలగుత్తితో నిలబడ్డారు. హాస్సెల్ కార్డులో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా దించి, సంతకం పెట్టి ఇచ్చాడు.

ఆవిడ చదివింది. "మీరు పోయినప్పుడు కూడా ఇలాగే రాస్తారు లెండి. ఇల్లు మారారు అని." కాగితం బల్ల మీదే పడేసి వెళ్ళిపోయింది.

కేకు కోశారు. "ఈయన చేతిలో ఒక్క కాగితం తప్పిపోలేదు!" అన్నాడు మేయరు. అందరూ చప్పట్లు కొట్టారు.

వాళ్ళు వెళ్ళాక హాస్సెల్ సొరుగు ఖాళీ చేశాడు. అడుగున తాళంచెవి తగిలింది. ఆ ఏప్రిల్ పొద్దున యూదులు ఇళ్ళకు తాళాలేసి, తాళంచెవులు ఇక్కడ అప్పగించాకే వాళ్ళని రైలెక్కనిచ్చారు. ఒక్కో తాళంచెవికీ పేరు రాసిన అట్టముక్క కట్టింది తనే. ఈ తాళంచెవి తాలూకు ఇల్లు కొన్నవాడు తాళమే మార్చేశాడు గనక ఇది మిగిలిపోయింది.

దీన్ని చూపిస్తే రేపు కోర్టుకి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. ఇంటికెళ్ళే దారిలో వంతెన, కింద లోతైన నది. జేబులో వేసుకున్నాడు. తలుపు దాకా వెళ్ళాడు.

ఆఫీసు సొత్తు. ఇన్నేళ్ళలో ఒక్క కవరైనా ఇంటికి తీసుకెళ్ళిన మనిషి కాడు.

వెనక్కొచ్చి దాన్ని సొరుగులో పెట్టి మూశాడు. టోపీ పెట్టుకున్నాడు.

"ఆరోగ్యం జాగ్రత్త సార్!" అంది గెర్లిండె. తలూపి మెట్లు దిగిపోయాడు.

సొరుగు చీకట్లో తుప్పుపట్టిన తాళంచెవి, దాని మెడన అట్టముక్క, దాని మీద గుండ్రటి అక్షరాలు: 'బెర్టా లిలియెన్‌ఫెల్డ్. ఉదయం ఆరింటికి మోసుకెళ్ళి రైలెక్కించాం. హాస్సెల్.'