అక్షరాల మీద వేలు

"తప్పు నాదే తల్లీ. వేలు ఎక్కడో జారి ఉంటుంది. మీ అందరికీ శ్రమ పెట్టాను" అని ఆ ముసలావిడ ఫోనులో మళ్ళీ మళ్ళీ అంటుంటే యున్‌రూకి ఒళ్ళు మండిపోయింది. మంట ఆవిడ మీద కాదు. ఎవరి మీదో ఇంకా తెలియదు గానీ, తెలిసిన మరుక్షణం వాళ్ళను ఊరికే వదలకూడదని మాత్రం అప్పుడే అనుకుంది.

ఆవిడ పేరు ఆతావ్. కాళ్ళు ఆడవు, చక్రాల కుర్చీలోనే తిరగాలి. వారానికి మూడు రోజులు ఆసుపత్రికి వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. అలాంటివాళ్ళను కుర్చీతో సహా ఎక్కించుకుని వెళ్ళే వ్యాన్ల సంఘం ఒకటి ఉంది. ఆ వ్యాను కావాలంటే ఫోనులో ఒక పేజీ తెరిచి ముందుగా చెప్పుకోవాలి. ఆ పేజీ తయారుచేసింది తైపే నగరంలో, నైహూ పేటలో, యున్‌రూ పనిచేసే కంపెనీ. ఆఫీసులో అందరికన్నా చిన్నది కాబట్టి ఫిర్యాదుల ఫోన్లన్నీ యున్‌రూ నెత్తినే పడతాయి.

శనివారం తుఫాను అన్నారని ఆతావ్ ఆ ఒక్క రోజు ప్రయాణం రద్దు చేసుకోబోయింది. నొక్కింది ఒక్కటి, పోయింది నెలంతా. అంతటితో ఆగిందా? మాటిమాటికీ రద్దు చేసుకునేవాళ్ళను నెల రోజులు పక్కన పెట్టాలని సంఘం నియమం. నెలలో రద్దయిన ప్రయాణాలన్నీ లెక్కపెట్టి, ఆ నియమాన్ని తుచ తప్పకుండా పాటించి, పేజీ ఆవిడ పేరు ఆపేసింది. ఈ ఉదయం ఆతావ్ తమ భవనం కింద వానలో గొడుగు పట్టుకుని కూర్చుంటే వ్యాను రాలేదు.

"ఇవాళ పక్కింటివాళ్ళు నన్ను ఎత్తి కారులో కూర్చోబెట్టి దింపారు. రోజూ ఎత్తమంటే ఎవరెత్తుతారు? ఎల్లుండి సంగతి ఏంటో తెలీట్లేదు. మా అబ్బాయి నాకు మతి పోయిందంటున్నాడు తల్లీ. ఫోను కూడా తీసేసుకుంటానంటున్నాడు."

"అమ్మమ్మా, మీరు ఎక్కడ నొక్కారో గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదూ! నాకు చిన్న అక్షరాలు కనపడవు కదా. పైన 'పెద్ద అక్షరాలు' అని ఉంటే అది పెట్టుకున్నా. 'రద్దు' అన్న మాట ఇంత లావున వచ్చింది. సరిగ్గా దాని మీదే నొక్కా. అలా నొక్కకూడదా?"

యున్‌రూ ఆవిడ చెప్పినదంతా రాసుకుంది. "ఆ ఫోను ఎవరికీ ఇవ్వకండి. నేను మళ్ళీ చేస్తాను" అని పెట్టేసి, కోడ్ తెరిచింది.

ఆ బటన్ కోడ్ మొదట రాసింది తనే. క్లిక్ అంటే ఊరూ పేరూ లేకుండా వచ్చిపడేది కాదు, దానికీ ఒక రకం ఉంటుంది. ఏం నొక్కారు, దేని మీద నొక్కారు అని ఆ రకం ముందే చెప్పి రాస్తే, కోడ్‌ను సరిచూసే ప్రోగ్రాం తప్పు రాయనివ్వదు, రాస్తే కింద ఎర్రగీత గీస్తుంది. ప్రతి క్లిక్ రెండు సంగతులు మోసుకొస్తుంది. వేలు తగిలింది దేనికి అన్నది ఒకటి, ఆ నొక్కుడు కోసం కాచుకుని ఉన్నది ఏది అన్నది రెండోది. చాలాసార్లు రెండూ ఒకటే, ఒక్కోసారి కావు. ఏ ప్రయాణాన్ని రద్దు చెయ్యాలో చెప్పే నంబరు ఉండేది బటన్ దగ్గర. అందుకే యున్‌రూ నంబరు కోసం కాచుకుని ఉన్న బటన్‌నే అడిగింది.

తర్వాత ఎవరో దాన్ని మార్చారు. ఇప్పుడు కోడ్ నంబరు కోసం వేలు తగిలినదాన్ని అడుగుతోంది. అలా రాస్తే ఎర్రగీత పడి తీరాలి. 'తగిలింది బటన్‌కే అని నీకేం నమ్మకం?' అని ప్రోగ్రాం నిలదీసి తీరాలి. నిలదీయకుండా దాని నోరు నొక్కేశారు. రకం రాసిన చోట రకం కొట్టేసి 'ఎనీ' అని పెట్టారు. ఏదైనా కానీ, నన్నేమీ అడక్కు అని దాని అర్థం.

ఇక పెద్ద అక్షరాల సంగతి. వాటిని ఒక పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను తెచ్చి బటన్ మీద అంటించారు. మామూలు అక్షరాలకు పెట్టె లేదు కాబట్టి ఆఫీసులో ఎవరు నొక్కినా లక్షణంగా పనిచేసింది. పెద్ద అక్షరాలు పెట్టుకున్నవాళ్ళ వేలు మాత్రం పెట్టెకు తగులుతుంది. పెట్టెకు నంబరు లేదు. నంబరు చెప్పకుండా రద్దు చెయ్యమంటే అవతలి కంప్యూటర్ అన్నీ అనుకుని అన్నీ తీసిపారేస్తుంది. పెద్ద అక్షరాలు పెట్టుకునేది ఎవరు? ముసలివాళ్ళు. వాళ్ళ కోసమే పెట్టిన సదుపాయం వాళ్ళ పీకకే చుట్టుకుంది.

మార్చినవాళ్ళ పేరు పక్కనే ఉంది. హావ్.

హావ్ ఆఫీసులో అందరికీ అన్న. సరదా మనిషి, అడక్కుండానే టీ తెప్పిస్తాడు, ఎవరికి చక్కెర సగమో ఎవరికి ఐసు వద్దో అన్నీ గుర్తుంచుకుంటాడు. అందుకే అతన్ని ఎవరూ ఏమీ అనరు.

"హావ్ అన్నా, ఈ ఎనీ పెట్టింది నువ్వేనా?"

"ఏ ఎనీ? సవాలక్ష పెట్టుంటా."

"రద్దు బటన్‌లోది."

"ఓ, అదా! పేజీ విడుదల చేసిన రోజు కదూ? ఆఖరి నిమిషంలో సంఘంవాళ్ళు పెద్ద అక్షరాలు కావాలన్నారు. నా పాత కోడ్ తెచ్చి అతికించా. అతికించగానే ఒకటే ఎర్రగీతలు. వాటిని చూస్తూ కూర్చుంటే పేజీ ఎప్పుడు వెళ్ళాలమ్మా? ఎనీ పెట్టా, నోరు మూసుకుంది. పనిచేసింది."

"పనిచెయ్యలేదు."

"మా ఫోన్లలో చేసింది."

"పెద్ద అక్షరాలు పెట్టి చూశావా?"

"నాకెందుకవి? నాకేమన్నా ఎనభై ఏళ్ళా?" అని నవ్వాడు. యున్‌రూ నవ్వకపోయేసరికి కాస్త తగ్గి, "సరేలే, దిద్దేద్దాం. ఇవాళ మాత్రం కాదు. పూజ రోజు కోడ్ ముట్టుకోవద్దని మేనేజరుగారు చెప్పలా? నువ్వూ పద కిందకి, అగరొత్తులు పట్టుకోవాలి" అన్నాడు.

అది చాంద్రమానంలో ఏడో నెల, పోయినవాళ్ళు తిరిగి వస్తారని నమ్మే నెల. ఊళ్ళో తిరిగే అతిథులకు కంపెనీలన్నీ వాకిట్లో బల్ల వేసి నైవేద్యం పెట్టే రోజులు. వాళ్ళను అసలు పేరుతో పిలవకూడదు, మంచి అన్నదమ్ములు అనాలి. బల్ల మీద నూడుల్స్ పెట్టెలు, బిస్కట్లు, కూల్‌డ్రింకులు, పక్కన వాళ్ళు ముఖం కడుక్కోవడానికి పళ్ళెంలో నీళ్ళూ తువ్వాలూ. వీటన్నిటి మధ్య ఆకుపచ్చ చిరుతిండి పొట్లాలు ఒక గుట్ట. ఆ పొట్లం పేరుకు బుద్ధిగా ఉండు అని అర్థం. కంప్యూటర్ల నెత్తిన అది పెడితే అవి మొరాయించవని ఇక్కడ చదువుకున్నవాళ్ళకే గట్టి నమ్మకం. రంగు ఆకుపచ్చే కావాలి, తేదీ దాటకూడదు, ఎవరూ తినకూడదు. వాటి మధ్యలో మేనేజర్ క్వో ఒక లాప్‌టాప్ పెట్టించాడు. అందులో వ్యాన్ల పేజీ తెరిచి ఉంది. దానికి ఎదురుగా అగరొత్తి కూడా గుచ్చారు.

"మేనేజరుగారూ, ఒక్కమాట" అంది యున్‌రూ.

"పూజయ్యాక."

"అయ్యాక కాదు, ఇప్పుడే. ఆతావ్ అనే ఆవిడ పేరు ఆగిపోయింది. లోపం మన పేజీదని సంఘానికి మీరు చెబితే తప్ప వాళ్ళు తియ్యరు. ఎల్లుండి ఆవిడ ఆసుపత్రికి వెళ్ళకపోతే ఏమవుతుందో తెలుసు కదా?"

క్వో చుట్టూ ఉన్నవాళ్ళను చూసి గొంతు తగ్గించాడు. "సంఘంవాళ్ళు పొద్దున్నే అడిగారమ్మాయ్. వాడేవాళ్ళు తప్పు నొక్కారని చెప్పేశాను. పెద్దవాళ్ళు, చేతులు వణుకుతాయి, సహజం."

"తప్పు నొక్కలేదు."

"సరే, నిజం చెప్పనా? పైన సర్వర్ మీద పొట్లం తేదీ దాటి నెలయింది. అది మార్చాల్సింది ఎవరు? చిన్నదానివి, నీ పనే కదా! నేను నిన్నేమన్నా అన్నానా?"

ఎవరో కిసుక్కుమన్నారు. యున్‌రూకి చెవుల్లోంచి ఆవిర్లు వచ్చినంత పనైంది.

"మీరు ముందు ఏదో ఒకటి తేల్చండి. ముసలావిడ చెయ్యి వణికిందా, పొట్లం తేదీ దాటిందా? సంఘానికో మాట, నాకో మాటా? ఆవిడ వానలో కూర్చుంది. కూర్చుని, తిరిగి మనకే క్షమాపణ చెప్పింది! ఇక్కడ మీరంతా చేతిలో అగరొత్తులు పట్టుకుని లాప్‌టాప్‌కి దణ్ణం పెడుతున్నారు. సిగ్గనిపించట్లేదా?"

"యున్‌రూ, మెల్లగా" అన్నాడు హావ్.

"నువ్వు మాట్లాడకు హావ్ అన్నా. ఆ ప్రోగ్రాం నీకు చెప్పింది. ఎర్రగా గీత గీసి మరీ చెప్పింది. దాని నోరు నొక్కావు. ఇప్పుడు నా నోరు నొక్కాలని చూస్తున్నావు."

యున్‌రూ తన ఫోనులో పరీక్షల కోసం పెట్టుకున్న ఉత్తుత్తి పేరుతో పేజీ తెరిచి క్వో చేతిలో పెట్టింది. "ఇందులో ప్రయాణాలు చాలా ఉన్నాయి. శుక్రవారానిది ఒక్కటే రద్దు చెయ్యండి. మీ చెయ్యి వణకదు కదా?"

క్వోకి చూపు తగ్గి రెండేళ్ళయింది. ఆ సంగతి ఆఫీసంతటికీ తెలుసు, అతను మాత్రం ఒప్పుకోడు, కళ్ళజోడు సొరుగులోంచి తియ్యడు. ఫోనును చేయి చాచినంత దూరం జరిపాడు. దగ్గరికి తెచ్చాడు. మళ్ళీ జరిపాడు.

"ఇంత చిన్న అక్షరాలేంటమ్మాయ్, ఎవరికి కనపడతాయి?"

"పైన 'పెద్ద అక్షరాలు' అని ఉంది. పెట్టుకోండి."

పెట్టుకున్నాడు. 'రద్దు' అన్న మాట లావుగా వచ్చి బటనంతా నిండింది. వేలు పెట్టడానికి అక్షరాలు తప్ప వేరే చోటు లేదు. క్వో తాపీగా, జాగ్రత్తగా, శుక్రవారం పక్కనున్న ఆ మాట నడిమధ్యన నొక్కాడు.

పేజీ ఖాళీ అయిపోయింది. వెంటనే ఎర్ర అక్షరాలతో ఒక వాక్యం వచ్చింది. మీరు ఎక్కువ ప్రయాణాలు రద్దు చేసుకున్నారు, మీ పేరు నెల రోజులు ఆపబడింది అని. అదీ పెద్ద అక్షరాల్లోనే, కళ్ళజోడు అక్కర్లేకుండా చదువుకునేట్టు.

"నేను శుక్రవారమే కదా నొక్కింది?" అన్నాడు క్వో. అతని రెండో చేతిలోని అగరొత్తి బూడిద రాలి చొక్కా మీద పడింది. దులుపుకోవడం కూడా మరిచి, మళ్ళీ అదే మాట అన్నాడు. "శుక్రవారమే నొక్కాను. మీరంతా చూశారుగా?"

"ఆవిడా అదే అంది. చూసినవాళ్ళే లేరు" అంది యున్‌రూ.

హావ్ అగరొత్తులు బల్ల మీద పెట్టి, తలవంచుకుని పైకి బయల్దేరాడు. "రకం రాయి. ఎర్రగీత వస్తే ఏమంటోందో చదువు" అని యున్‌రూ వెనకనుంచి అరిచింది. అతను తల తిప్పలేదు గానీ, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కాడు.

క్వో తన ఫోను తీసి అక్కడే, వాకిట్లోనే, సంఘానికి చేశాడు. పొద్దున చెప్పింది పొరపాటనీ, లోపం పేజీదేననీ, పెద్ద అక్షరాలు వాడినవాళ్ళందరి పేర్లూ ఇవాళే విడిపించాలనీ చెప్పాడు. ఒకటి రెండుసార్లు మాట మింగబోయాడు. యున్‌రూ కదలకుండా ఎదురుగా నిలబడే ఉంది కాబట్టి మింగలేకపోయాడు. అతను పెట్టేయగానే ఆమె తన ఫోను అతని చెవికి అందించింది. అవతల అప్పటికే మోగుతోంది.

"ఎవరికిది?"

"ఆవిడకి. నేను చెబితే ఊరడిస్తున్నానని అనుకుంటుంది. మీరు చెప్పండి."

ఆతావ్ ఎత్తీ ఎత్తగానే మొదలుపెట్టింది. "అయ్యో, మళ్ళీ చేశారా, నా వల్ల మీకెంత శ్రమ. వేలు జారింది బాబూ, ఇంకెప్పుడూ..."

"జారలేదమ్మా" అన్నాడు క్వో. "మీరు సరిగ్గానే నొక్కారు. తప్పు మాది. ఎల్లుండి వ్యాను వస్తుంది."

వాకిట్లో ఇనుప డబ్బాలో ఆ అతిథుల కోసం కాల్చే కాగితం డబ్బులు చిటపటమంటున్నాయి. వాటి మధ్యలోంచి ముసలావిడ గొంతు వచ్చింది. ఈసారి అందులో బతిమాలడం లేదు.

"ఉండు. మా అబ్బాయికిస్తున్నా. ఇప్పుడన్న మాటే వాడితో అను. కాస్త గట్టిగా అను."