అంబుజ అనే నిలువు వరుస

ఈరప్ప ఎవరేం చెప్పినా రాసేస్తాడు. ఆరోగ్య సర్వేకని ఇల్లిల్లూ తిరిగి, "మీ ఇంట్ల ఏమేం బాధలున్నయి?" అని అడిగి, చెప్పినవన్నీ ఒకే గడిలో మధ్య మధ్య సెమికోలన్లు పెట్టి కుక్కుతాడు. దగ్గు, మోకాళ్ళ నొప్పి, నిద్ర పట్టదు. వాటిని విడగొట్టి, ఒక్కో బాధకు ఒక్కో నిలువు వరుస చేసి, ఆ బాధ ఉన్న ఇంటికి ఒకటి, లేని ఇంటికి సున్నా వచ్చేలా చేయడం నా పని. కంప్యూటర్ చిటికెలో చేస్తుంది. అతని రాత బాగుచేసేసరికి నా ప్రాణం తోకకొస్తుంది.

మొన్న రాయచూరు ఆఫీసులో మా వీధి ఫారాలు విడగొట్టాను. దగ్గు వచ్చింది, ఆయాసం వచ్చింది. వాటి పక్కన "అంబుజ" అని ఒక వరుస వచ్చింది.

మాది కరెంటు ఫ్యాక్టరీకి దగ్గర్లో పన్నెండిళ్ళ వీధి. పదకొండిళ్ళకు ఒకటి ఉంది. ఒక్క ఇంటికి సున్నా.

మా సూపర్‌వైజర్ విజయేంద్ర నా భుజం మీదుగా చూశాడు. "మనిషి పేరు బాధెట్లయితది, సత్యభామమ్మా? ఆ వరుస తీసేసి పొద్దుగూకేలోపు పంపియ్యి."

ఈరప్పకు ఫోన్ చేసి తిట్టాను. "బుద్ధుందా నీకు? చచ్చిపోయినామె పేరెందుకు రాసినవ్?"

"నేనేం జేద్దునమ్మా. ఒక్కింట్ల చెప్తే నవ్వుకుందును. పదకొండిండ్లల్ల గదే చెప్పిరి. మాపటేళ కరెంటు పోతే ఇంకా పిలుస్తదంట. మీ వీధి చెన్నవ్వయితే ఏడ్చింది గూడ."

ఇరవై ఏళ్ళ కిందట మా వైపు ఒక పుకారు లేచింది. దయ్యం తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందని, తలుపు తీస్తే అంతేనని. అందరం తలుపుల మీద సుద్దముక్కతో కన్నడంలో "నాళె బా", అంటే రేపు రా, అని రాసుకున్నాం. దయ్యం అది చదువుకుని పోతుందట. దయ్యానికి మూడుసార్లు పిలవడం చేతకాదు, మూడో పిలుపుకే తలుపు తీయాలి అని పెద్దవాళ్ళు చెప్పారు.

అప్పుడే ఒక సాయంత్రం కరెంటు పోయింది. ఫ్యాక్టరీ పక్కనే ఉన్నా మాది దీపం కింద చీకటే. వీధి మొదట్లో కొత్తగా కాపురానికొచ్చిన అంబుజకు ఎనిమిదో నెల. మొగుడు షిఫ్టులో ఉన్నాడు. నొప్పులొచ్చి వీధిలోకొచ్చింది. ఒక్కో తలుపు దగ్గరా "అక్కా, నేను అంబుజను" అని ఒక్కసారి పిలిచి, ఎవరూ తీయకపోతే పక్కింటికి పోయింది. కరెంటు వచ్చాక చూస్తే మా అరుగు దగ్గర పడి ఉంది. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

"ఒక్కసారే పిలిచింది గదా, మనమేం జేద్దుము" అని వీధంతా ఒకరికొకరు చెప్పుకుని ఊరుకున్నారు. నేనూ అదే చెప్పాను. అందరికంటే ముందు నేనే చెప్పాను. ఈరప్ప మా ఇంటికొచ్చినప్పుడు కూడా, "మా ఇంట్ల ఏ బాధా లేదు, పో" అని పంపేశాను. ఆ సున్నా మాదే.

వరుసను తీసేయబోయాను. వేలు ముందుకు పోలేదు. తీసేస్తే ఆమె పిలిచినట్టు లోకంలో ఎక్కడా ఉండదు. చెన్నవ్వ పాటి ధైర్యం నాకు లేకపోయిందే అని నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఇంకా కాలేదా?" అన్నాడు విజయేంద్ర.

"తియ్యను. కావాలంటే ఉద్యోగంల నుంచి నన్ను తియ్యి" అన్నాను. అతను నా ముఖం చూసి తన కుర్చీ దగ్గరికి పోయాడు.

మాది వీధిలో చివరిల్లు. మా తర్వాత ఇంకో తలుపు లేదు. ఆ సాయంత్రం అంబుజ ఎక్కడికీ పోలేక మా గడప మీదే కూర్చుంది. అక్కా అంది. కాసేపటికి మళ్ళీ అక్కా అంది. మూడోసారి పిలిచేటప్పటికి నా చెయ్యి గొళ్ళెం మీదే ఉంది. తీయలేదు.

మా ఇంటి గడిలోకి పోయాను. అక్కడ మూడు పెట్టడానికి లేదు. సున్నా తీసి ఒకటి పెట్టి పంపించాను.