మామగారు ఒడ్డుకొచ్చిన పొద్దు

ఇంకో పది రోజుల్లో పెళ్ళి పెట్టుకుని, పెళ్ళికొడుకు ఖోవా పొద్దున్నే వలలు సర్దుకుందామని ఒడ్డుకు వెళ్ళి, అందరికంటే ముందు తిమింగలాన్ని చూశాడు. చూసినవాడు నోరు మూసుకుని ఇంటికి రావచ్చుగా? రాడు! "తాతగారొచ్చారో!" అని ఊరు ఊరంతా లేచేలా కేక పెట్టాడు. ఆ ఊళ్ళో తిమింగలాన్ని తాతగారనే పిలుస్తారు, దేవుడిలా కొలుస్తారు.

ఆ కేకకు పెళ్ళికూతురు న్యుంగ్ గుండెల్లో రాయి పడింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలాన్ని ముందు ఎవరు చూస్తే వాళ్ళే ఆయనకు పెద్దకొడుకు. తలకు తెల్లగుడ్డ చుట్టుకుని కర్మ చేయాలి, మూడేళ్ళు మైల పట్టాలి. మైలలో పెళ్ళి ఊసే ఎత్తకూడదు. న్యుంగ్ అప్పటికే మూడేళ్ళు ఆగింది. సముద్రం మీద వేటకెళ్ళిన తండ్రి తిరిగి రాలేదు, శవమైనా దొరకలేదు. ఖాళీ పెట్టె పూడ్చి మైల పట్టారు. అది పోయిన నెలలోనే తీరింది.

"కళ్ళు మూసుకుని నడవలేకపోయావా?" అంటూ ఒడ్డున అందరి ముందే ఖోవాను నిలదీసింది.

"మూసుకుంటే ఆయన మీదే పడేవాణ్ణి. ఎంతున్నారో చూడు!"

"నవ్వావంటే చంపేస్తా. ఇంకెవరో చూశారని చెప్పు."

ఖోవా నవ్వు ఆపేశాడు. "అప్పుడు తుఫానులో మా పడవకు వీపు ఆన్చి నిలబెట్టింది ఈయన చుట్టాలే కదే. ఇప్పుడు నేను కొడుకుని కాదని ఎట్లా అనను?"

న్యుంగ్‌కు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మంచివాడనే కదా మనసు పడింది! ఆ మంచితనమే ఇప్పుడు కొంప ముంచుతోంది.

అంతలో న్యుంగ్ బామ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. "ఏమిటే ఏడుపు? తాతగారు పోయారని ఎవరన్నారు?"

"వాసన వస్తోంది కదా బామ్మా!"

"సముద్రంలో తిరిగేవాళ్ళు వాసన రాక అత్తరు కొడతారా? గుడిపెద్ద చూసి, డోలు కొట్టేదాకా ఆయన నిద్రపోతున్నట్టే లెక్క. ఇంట్లో పెద్దవాళ్ళు పోతే, ఆ కబురు బయటపెట్టకముందే పిల్లల పెళ్ళి కానిచ్చేయమూ? ఇదీ అంతే! పోటు వచ్చేలోపు కానివ్వండి. లేకపోతే ఈయన మళ్ళీ కొట్టుకుపోతాడు. ఊఁ, కదలండి!"

ఊరికి కాళ్ళు మొలిచాయి. ఒకరు వక్కల గెల తెచ్చారు, ఒకరు పెళ్ళికని మేపుతున్న బాతుల వెంట పడ్డారు. న్యుంగ్ ఎర్ర పట్టుబట్టకు ఇంకా చేతులు కుట్టలేదు. గుండుపిన్నులు పెట్టి ఒంటికి బిగించారు. ఖోవాకి వాళ్ళ నాన్న చొక్కా తొడిగితే అందులో ఇంకో పెళ్ళికొడుకు పట్టేలా ఉంది. పక్కింటావిడ "పాపం, ఎప్పుడు పో..." అనబోతే బామ్మ ఆవిడ నోట్లో తాంబూలం కుక్కింది.

అందరి భయమల్లా గుడిపెద్ద సావ్ తాతతోనే. ఆయన ఆచారం దగ్గర వీసమెత్తు తగ్గడు. పైగా డోలు భుజానేసుకుని అప్పటికే బయల్దేరాడు. న్యుంగ్ పిన్నులు ఊడుతున్నా లెక్కచేయక పరుగెత్తి ఎదురు నిలబడింది.

"తాతా, కాస్త మెల్లగా..."

సావ్ తాత ఆమె ఎర్రబట్ట వంకా, నీళ్ళు నిండిన కళ్ళ వంకా చూశాడు. "చూడందే నేనేమీ చెప్పనమ్మా. చూడాలంటే అక్కడికి నడవాలి. ఇవాళ మోకాళ్ళు పట్టేశాయి." నిన్న ఇదే మనిషి కొబ్బరిచెట్టెక్కాడు! ఇప్పుడు అడుగు తీసి అడుగు వేస్తూ, దారిలో కనిపించిన ప్రతి పీతనూ పలకరిస్తూ వచ్చాడు.

ఇంట్లో పెద్దల పటాల ముందు ఇద్దరూ మొక్కారు. అత్తగారు పెట్టిన కమ్మలు న్యుంగ్ చెవులకు పడ్డాయి. అత్తమామలకు టీ ఇచ్చింది. పెళ్ళయిపోయింది! న్యుంగ్‌కు నవ్వు ఆగడం లేదు. ఖోవా చేయి పట్టుకుని, కేకలు వేసుకుంటూ ఒడ్డుకు పరుగెత్తింది. అప్పటికే నీళ్ళు తాతగారి తోకను తాకుతున్నాయి.

ఆయన పక్కన డోలు పెట్టుకుని సావ్ తాత కూర్చుని ఉన్నాడు. "ఇక చూడమంటావా, తల్లీ?"

"ఒక్క క్షణం తాతా! ఇంకో మామగారికి టీ ఇవ్వలేదు."

అందరూ ఘొల్లున నవ్వారు. న్యుంగ్ గిన్నెలో టీ పోసి, తిమింగలం దవడ దగ్గర రెండు చేతులా పెట్టింది. నల్లటి చర్మం మీద చేయి వేసింది. చల్లగా ఉంది. అప్పుడు నవ్వు ఆగిపోయింది.

"మామగారూ," అంది మెల్లగా, "మీరు వెళ్ళేచోటే మా నాన్న ఉంటాడు. కనబడితే చెప్పండి. నాకు పెళ్ళయిందని చెప్పండి. ఖోవాతోనే అని చెప్పండి, సంతోషిస్తాడు."

ఖోవా చేతిలోని తెల్లగుడ్డ తీసుకుని సగానికి చింపింది. ఒక ముక్క అతని తలకు చుట్టి, రెండోది తను కట్టుకుంది. "ఇక కొట్టండి తాతా," అంది.

డోలు మోగింది. ఊరందరి కంటే ముందు న్యుంగ్ బావురుమంది. మూడేళ్ళ కింద ఖాళీ పెట్టె ముందు రాని ఏడుపంతా ఇప్పుడు వచ్చింది. బామ్మ పక్కకు వచ్చి, ఊడిన పిన్నులు ఒక్కొక్కటే మళ్ళీ పెట్టింది.