లితియా నోట్సు బరువు

సువా పట్నంలో యూనివర్సిటీ దగ్గర బస్సెక్కినప్పుడల్లా డ్రైవరు లితియాతో, "అమ్మాయ్, నీ నోట్సు వెనక టైరు మీదికి వచ్చేలా పెట్టు" అనేవాడు. విన్నది విన్నట్టు రాస్తే నోట్సు బరువెక్కుతుందని అక్కడ ఎవరికి తెలియదు? లితియా మాత్రం ఒక్క మాటా వదిలేది కాదు. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే తలవంచుకుని అంతా వినాలని పెరిగిన పిల్ల. అందులో ఇది ముఖ్యం, ఇది కాదు అని ఏరడానికి తనెవరు? లెక్చరరు దగ్గితే 'దగ్గు' అని కూడా రాసుకునేది. అంత రాసీ మట్టిశాస్త్రం పరీక్ష ఒకసారి తప్పింది. మళ్ళీ తప్పితే స్కాలర్‌షిప్ పోతుంది, చదువు అక్కడితో సరి.

శనివారం ఊరికి వెళ్దామని రేవా నది రేవులో పడవెక్కింది. నడిపేవాడి పేరు వైసాకే, ఆమె మేనమామ కొడుకు. అక్కడ బావామరదళ్ళు ఎదురుపడి ఎగతాళి చేసుకోకపోతే కోపాలొచ్చాయనుకుంటారు.

ఆమె కూర్చోగానే నీళ్ళు పడవ అంచుకొచ్చాయి.

"పందిని గానీ తెచ్చావా మరదలా?"

"నోట్సు బావా. సోమవారం పరీక్ష."

"మునిగి చస్తాం. అందులో ఏముందో చెప్పి కాస్త తేలిక చెయ్."

ఆమె చదవడం మొదలుపెట్టింది. నీళ్ళు లోపలికొచ్చాయి.

"చదవమన్నానా? మూసేసి నాకు అర్థమయ్యేలా చెప్పు."

లితియా పుస్తకం మూసి కాసేపు ఆలోచించింది. "మడచెట్ల వేళ్ళు తగిలితే వరద నెమ్మదిస్తుంది. నెమ్మదించిన నీళ్ళు మట్టిని మోయలేక అక్కడే దింపేస్తాయి."

పడవ బెత్తెడు పైకి లేచింది. వైసాకే ఇంజను తాడు లాగాడు.

దారంతా అదే పని. పేజీ చూడటం, మూయడం, సొంత మాటల్లో చెప్పడం. తడబడ్డచోట అంచున ఒక ప్రశ్న రాసుకుంది. పనికిరానివి కొట్టేసింది, ముందుగా ఆ దగ్గుల్ని. పడవ ఖాళీగా ఉన్నట్టే పరుగెత్తింది.

ఊరు కనబడగానే వైసాకే వేళాకోళం మానేశాడు. "మరి మన ఒడ్డెందుకు కోసుకుపోతోంది?"

ఆ జవాబు లెక్చరరు చెప్పలేదు.

"వంటచెరకుకని మడచెట్లు మనమే కొట్టేశాం కదా బావా" అంది లితియా. తనకు తెలుసని అప్పుడే తనకీ తెలిసింది, గుండెల్లో భయం సగం దిగిపోయింది.

"మా నాన్న ఇంకా కొడుతూనే ఉన్నాడు. నువ్వే చెప్పు, నా మాట వినడు" అన్నాడతను.

ఆమె పాసైంది. కబురు అందగానే వాళ్ళమ్మ అమ్మయ్య అనుకుంది. మళ్ళీ తప్పితే ఎలాగని కూతురి కోసం మాట్లాడి ఉంచిన కొట్టు ఉద్యోగం ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పడానికి వెంటనే బయల్దేరి, దారిలో కనిపించిన ప్రతివాళ్ళనీ ఆపి ఎక్కడికి వెళ్తోందో చెప్పింది.