ఇజబెల్‌కి పన్నెండేళ్లు నిండాయి

పోపులో ఆవాలు చిటపటలాడుతున్నాయి. కార్డ్‌లెస్ ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టుకుని, ఓ చేత్తో కరివేపాకు దూస్తూ నాగమల్లేశ్వరి అవతలి మాటలు వింటోంది.

"మావాడు ప్రణవ్‌కి ఫెలోషిప్ జూన్‌లో అయిపోతుంది వదినా. ఆలోపు ముహూర్తం పెట్టుకుంటే బావుంటుంది. రచన బంగారంలాంటి పిల్ల, కాదనను. కానీ ఏదీ తేల్చదు. వాళ్లమ్మ చెప్తే వినడం లేదట. మీరు ఓసారి కూర్చోబెట్టుకుని మాట్లాడండి."

"ఏం మాట్లాడను బిందూ?"

"ఏముంది, ఒప్పించండి. మీరు చెప్తే కాదనే పిల్ల ఎవరుంది ఇక్కడ!"

నిజమే. హెర్న్‌డన్ ఊరి చుట్టుపక్కల పెళ్లీడు పిల్లలున్న తెలుగువాళ్లందరికీ ఆమె ఫోన్ నంబరు కంఠతా వచ్చు. ఎవరబ్బాయి ఏ ఊళ్లో రెసిడెన్సీ చేస్తున్నాడో, ఎవరమ్మాయి మాంసం తినని ఇల్లే కావాలంటోందో, ఏ అత్తగారి నోరు ఎలాంటిదో ఆమెకు తెలుసు. ఈ మాటలు అటూ ఇటూ మోసి, అలిగిన వాళ్లని బతిమాలి, పెళ్లినాడు వంటవాళ్ల దగ్గర నిలబడి, మర్నాడు అద్దెకు తెచ్చిన కుర్చీలు తిరిగి ఇచ్చి వచ్చేది కూడా ఆమే. దీన్ని ఎవరూ పని అనరు. ఆమె భర్త కృష్ణమోహన్ "మా ఆవిడ హాబీ" అంటాడు. ఆయన మొన్న మొన్నటిదాకా ఆసుపత్రిలో మత్తు డాక్టరు. ఇప్పుడు రిటైరై ఇంట్లోనే ఉంటున్నాడు. రిటైర్మెంటు ఆయనకి గానీ ఆమెకి కాదని ఆమెకు మొదటి వారంలోనే అర్థమైంది. గంటకోసారి టీ, మధ్యాహ్నం పొగలు కక్కే అన్నం, మధ్యలో "మల్లీ, నా కళ్లజోడు చూశావా?" ఇన్నేళ్లూ పగటిపూట ఆ ఇంట్లో ఉండే నిశ్శబ్దం తనదేనని, అది పోయాకగానీ ఆమెకు తెలియలేదు.

ఆ నిశ్శబ్దం వెతుక్కుంటూనే ఆ ఏడాది, రెండువేల తొమ్మిది చలికాలంలో, కౌంటీ లైబ్రరీకి వెళ్లడం మొదలుపెట్టింది. అక్కడ తలుపు పక్కన ఒక కాగితం అంటించి ఉంది. గురువారం ఉదయాల్లో చరిత్ర ఆట, ఎవరైనా రావచ్చు అని. గుంటూరు ఉమెన్స్ కాలేజీలో ఆమె చదివింది చరిత్రే. వాల్తేరులో ఎమ్మే సీటు కూడా వచ్చింది. అదే నెలలో బాల్టిమోర్ నుంచి సంబంధం కూడా వచ్చింది.

"లైబ్రరీలో నీకేం పని? పుస్తకాలు కావాలంటే కొనుక్కోవచ్చుగా," అన్నాడు కృష్ణమోహన్. వద్దని మాత్రం అనలేదు. కానీ బయల్దేరే వేళకి నీలం స్వెటరు ఎక్కడుందని అడిగి, అది దొరికేదాకా ఆమెను ఆపాడు. అందుకని మొదటి రోజే ఆలస్యమైంది.

ఆట నడిపేది డోరతీ అనే పెద్దావిడ. హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైంది. ఇంగ్లండు రాజు ఆరో ఎడ్వర్డు పదిహేనేళ్ల వయసులో, 1553లో, ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడు. చనిపోకుండా కోలుకుని ఉంటే ఏమయ్యేది? ముఖ్యంగా, ఎవరిని పెళ్లాడేవాడు? అదీ ఆట. ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర తీసుకుని, వారానికి ఒక ఏడాది చొప్పున ముందుకు నడిపిస్తారు. నాగమల్లేశ్వరి వెళ్లేసరికి మంత్రులు, రాయబారులు, ఆర్చిబిషప్పు అన్నీ అయిపోయాయి. ఒకప్పుడు నేవీలో పనిచేసిన వాల్టర్ ఫ్రెంచి రాయబారి. మిగిలింది పెళ్లికూతురు. ఫ్రెంచి రాజు పెద్దకూతురు, ఎడ్వర్డుతో ఆరేళ్లకే నిశ్చయమైపోయిన పిల్ల. పేరు ఎలిజబెతే గానీ, రాజుగారి అక్క పేరూ అదే కాబట్టి గందరగోళం లేకుండా స్పెయిన్‌వాళ్లు పిలిచినట్టు ఇజబెల్ అనుకుందామంది డోరతీ.

"నువ్వు పెద్దగా ఏమీ చేయక్కర్లేదు డియర్. ఆమెకి ఓటు లేదు. వింటూ కూర్చుంటే చాలు."

అందరూ నవ్వారు. నాగమల్లేశ్వరి కూడా నవ్వింది. వింటూ కూర్చోవడం ఆమెకు కొత్త కాదు.

కానీ ఆ పిల్ల గురించి తెలుసుకోవాలని ఆమెకు మహా కుతూహలం పట్టుకుంది. పప్పు ఉడుకుతుంటే చదివింది, బట్టలు డ్రయర్‌లో తిరుగుతుంటే చదివింది. ఎడ్వర్డు చనిపోయాక ఆ పిల్లని స్పెయిన్ రాజుకి ఇచ్చారు. రెండు దేశాల మధ్య యుద్ధం ఆపడానికి అదొక షరతు. పిల్లకి పద్నాలుగు. పెళ్లికొడుకు ఆమెకు రెట్టింపు వయసువాడు, ఆ పెళ్లికి రానేలేదు. తన బదులు ఒక దొరని పంపి పీటల మీద కూర్చోబెట్టాడు. ఇరవై మూడేళ్లకి కానుపులో పోయింది. ఎడ్వర్డు బతికి ఉంటే ఆ పిల్లా బతికేదేమో! అతను తన వెనక గద్దె ఎక్కాలని రాసిపెట్టిన జేన్ అనే అమ్మాయి కూడా బతికేది, ఆ కొద్ది రోజుల రాణీపదవికి తల నరికించుకునేది కాదు. కానీ అతని చిన్నక్క ఎలిజబెత్ ఎన్నటికీ రాణి అయ్యేది కాదు, ఏ పరాయి దేశానికో పెళ్లిచేసి పంపేసేవాళ్లు. ఒక కుర్రాడి దగ్గు తగ్గడం, తగ్గకపోవడం. ఇందరు ఆడపిల్లల జాతకాలు దాని మీద వేలాడుతున్నాయి. పుస్తకం మూసినా ఆలోచన ఆగేది కాదు. ఆ పిల్లకి ఏం తినడం ఇష్టం? అతని బొమ్మ చూపించినప్పుడు ఏమనుకుంది? పుస్తకాల్లో అది తప్ప అన్నీ ఉన్నాయి.

తనని చూడటానికి వచ్చిన రోజు ఆమెకు గుర్తొచ్చింది. అత్తగారు జడ ముందుకి వేసి చూసింది. మావగారు ఇంగ్లిషు పేపరు ఇచ్చి ఓ పేరా చదివించాడు. కృష్ణమోహన్ ఆమె తండ్రితో బాల్టిమోర్ మంచు గురించి చెప్తూనే ఉన్నాడు. వెళ్లేముందు ఒక్క ప్రశ్న అడిగాడు, అదీ ఆమె తండ్రినే: "చలికి తట్టుకుంటుందా?"

"ఏంటి మల్లీ, సాంబారులో ఉప్పు లేదు," అన్నాడు ఓ మధ్యాహ్నం కృష్ణమోహన్. "ఇంగ్లండు రాజుకి పిల్లని వెతకడంలో మన ఇల్లు మర్చిపోతున్నావ్. రచన సంగతి ఏం చేశావ్? బిందూవాళ్లాయన గోల్ఫ్ దగ్గర మళ్లీ అడిగాడు నన్ను."

"ఈ శనివారం కలుస్తా," అందామె, ఉప్పు అందిస్తూ.

అంతకుముందు గురువారం వచ్చింది. ఆటలో 1557 నడుస్తోంది. రాజుకి పంతొమ్మిది. పడవలెన్ని, కట్నంగా ఏ రేవు ఇవ్వాలి, పిల్ల ఏ మతం పాటించాలి అని వాల్టర్‌కీ ఆర్చిబిషప్పుకీ వాదన జోరుగా సాగుతోంది. నాగమల్లేశ్వరి బడిపిల్లలా చెయ్యెత్తింది.

"నాకు మొన్న ఏప్రిల్‌లో పన్నెండేళ్లు నిండాయి," అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"ఇజబెల్‌కి. అప్పటి చర్చి చట్టం ప్రకారం చిన్నప్పుడు కుదిర్చిన సంబంధాన్ని, పన్నెండు దాటాక పిల్ల కాదనొచ్చు. అంటే మీరిప్పుడు నన్ను అడగాలి."

వాల్టర్ నవ్వబోయి డోరతీ వైపు చూశాడు. డోరతీ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "చట్టం అదే," అంది మెల్లిగా. "వాళ్ల నాన్న చెప్పినట్టు వినకపోతే ఏమయ్యేదో వేరే సంగతి. కానీ చట్టం మాత్రం అదే. ఇన్నేళ్లు పాఠం చెప్పాను, ఆ అమ్మాయి వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు."

"సరే యువరాణీ," అన్నాడు వాల్టర్ కుర్చీలో సర్దుకుని. "మరి ఏమంటావు?"

కాదని చెప్పాలనే ఇంటి దగ్గర అనుకుని వచ్చింది. తీరా నోరు తెరిచాక, తానెవరు ఆ పిల్ల తరఫున కాదనడానికి అనిపించింది. అవునన్నా కాదన్నా అది మళ్లీ ఇంకొకరు చెప్పిన మాటే కదా.

"ముందు అబ్బాయిని పంపండి," అంది. "బొమ్మ కాదు, మనిషిని. మా ఇంట్లో చాప మీద కూర్చోవాలి. మా అత్తయ్యలు పాట పాడమంటారు, పాడాలి. పళ్లు సరిగా ఉన్నాయో లేదో చూస్తారు. నేను నాలుగు ప్రశ్నలు అడుగుతాను. తర్వాత చెప్తాను."

గది గొల్లుమంది. వాల్టర్ అయితే బల్ల చరిచి మరీ నవ్వాడు. ఈసారి ఆ నవ్వు తన మీద కాదు. ఆ సంగతి ఆమెకు ఇంటికి డ్రైవ్ చేస్తుంటే తెలిసింది.

శనివారం కాఫీషాపులో రచన ముందే వచ్చి కూర్చుంది. ఇరవై ఏడేళ్లుంటాయి. వంతెనలకి పగుళ్లు వచ్చాయేమో చూసే ఇంజినీరు, తాళ్లు కట్టుకుని వాటి కిందికి దిగుతుంది. నాగమల్లేశ్వరి కుర్చీ లాక్కోకముందే మొదలుపెట్టింది.

"ఆంటీ, మీరు నన్ను కన్విన్స్ చెయ్యడానికి వచ్చారు కదా? అమ్మ చెప్పింది."

"అందుకే పంపారు. కానీ ఒకటి అడుగుదామని వచ్చా. ఈ పెళ్లి నీకు కావాలా?"

రచన కప్పు కింద పెట్టింది.

"వియర్డ్‌గా ఉంది ఆంటీ. అందరూ ఎప్పుడు, ఏ హాల్, ఎంతమంది అని అడుగుతారు. ఇది ఎవరూ అడగలేదు. ప్రణవ్ కూడా. ప్రణవ్ నాకు ఇష్టమే అనుకుంటా. కానీ దేశం ఆ చివర పోర్ట్‌లాండ్‌లో నాకు జాబ్ వచ్చింది, పెద్ద బ్రిడ్జ్. టూ ఇయర్స్. ఎవరికీ చెప్పలేదు. చెప్తే అది ప్రాబ్లం అయిపోతుంది కదా. మీరు చెప్తారా వాళ్లకి? మీరు చెప్తే నైస్‌గా ఉంటుంది."

ఇన్నేళ్లుగా ఆమె చేస్తూ వచ్చింది అదే. ఒకరి మాటకి చక్కెర పూసి ఇంకొకరికి అందించడం. ఇప్పుడూ నాలుక చివరిదాకా వచ్చింది, సరేనమ్మా అని.

"చెప్పను రచనా," అంది. "నేను చెప్తే అది నా మాటవుతుంది. ప్రణవ్‌కి నువ్వే ఫోన్ చెయ్యి. కావాలంటే ఇక్కడే కూర్చుంటా, నువ్వు మాట్లాడేదాకా."

రచన ఫోన్ తీసుకుని బయటికి వెళ్లింది. చలిలో అటూ ఇటూ నడుస్తూ మాట్లాడింది. తిరిగి వచ్చేసరికి ముక్కు ఎర్రబడింది, కళ్లు తడిగా ఉన్నాయి. "ఆలోచించుకోవాలన్నాడు," అంది. "బట్ ఆంటీ, వంతెన గురించి చాలా క్వశ్చన్స్ అడిగాడు."

నాగమల్లేశ్వరి ఇల్లు చేరేసరికే బిందు ఫోన్ చేసేసింది. కృష్ణమోహన్ వంటింట్లో నిలబడి ఉన్నాడు. ఆయన అక్కడ నిలబడటమే అరుదు.

"ఏం చెప్పావ్ ఆ పిల్లకి?"

"ఏం చెప్పలేదండీ. అడిగాను."

"బిందు ఏడుస్తోంది. కుదిరే సంబంధం చెడగొట్టావంటోంది. ఎన్నేళ్ల స్నేహం! నేను రేపు వాళ్ల మొహం ఎలా చూడాలి?"

"చెడిపోలేదు. వాళ్లిద్దరూ ఇప్పుడే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఇకనుంచి నేను ఎవరినీ ఒప్పించనండీ. రేపు బిందూకి నేనే ఆ మాట చెప్తాను."

"అడగడం, అడగడం!" ఆయన గొంతు లేచింది. "మన పెళ్లికి నిన్నెవరడిగారు? బతకలేదా మనం? ఏం తక్కువైంది నీకు?"

ఆమె కోటు విప్పి కుర్చీకి వేసింది. కోపం వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు.

"ఆరోజు మీరు అడిగుంటే నేను ఊఁ అనేదాన్నేనండీ," అంది. "బాల్టిమోర్ మంచు గురించి మీరు చెప్తుంటే తలుపు చాటు నుంచి విన్నాను. నచ్చారు నాకు. అడగలేదు. అందుకని నా దగ్గరున్న ఆ ఊఁ మీకు చేరనే లేదు."

ముప్ఫై అయిదేళ్లుగా కృష్ణమోహన్‌కి ఈ సంగతి తెలియదు. స్టవ్ దగ్గర నిలబడి, ఆమె ముఖంలో కొత్తగా ఏదో కనబడ్డట్టు చూశాడు. తర్వాత, ఆసుపత్రిలో మత్తు ఇచ్చేముందు రోగులతో మాట్లాడే ఆ మెత్తటి గొంతుతో, సగం హాస్యంగా సగం భయంగా అడిగాడు.

"పోనీ, ఇప్పుడడిగితే?"

ఆమె జవాబు కోసం లోపల వెతుక్కుంది. ఎప్పుడూ ఆయన ప్రశ్న పూర్తయ్యేలోపే సిద్ధంగా ఉండే జవాబు ఈసారి అక్కడ లేదు.

"తెలీదండీ," అంది ఆశ్చర్యపోతూ. "నాకూ తెలుసుకోవాలనే ఉంది."